ఎడమచేతి మచ్చ

"రేకు మీద నీ ముఖం గీకెయ్యాలే, అపొలోనియా," అన్నాడు రాగిరేకుల మీద బొమ్మలు చెక్కే యోస్ట్.

మఖమలు గౌనులో అతని బొమ్మకి నిలబడిన అపొలోనియా ఆ ఇంటి పనిమనిషి. పనిమనిషి మఖమలు తొడగకూడదని న్యూరెంబర్గ్ నగర పెద్దల శాసనం. బొమ్మలో కూడా తొడగకూడదట! ఎంత భయమో వాళ్లకి!

"గౌను గీకెయ్యండి, అయ్యగారూ."

"గౌను లేకపోతే ఎవడు కొంటాడే? దొరసాని ముఖం పెడతాను."

"అయితే నా ఎడమచేతి మీద కాలిన మచ్చ చెక్కండి. బొమ్మలమ్మేవాళ్లు ఊరూరా తిరుగుతారుగా. ఎక్కడో పనిలో ఉన్న మా చెల్లి చూస్తే నేనని తెలుసుకుంటుంది. నాకున్నది అదొక్కతే."

యోస్ట్ ఆమె ఎడమచేతిని ఉన్నదున్నట్టే రేకు మీద చెక్కాడు.

కాగితం మీద అచ్చు వేస్తే బొమ్మ అద్దంలోలా ఎడమ కుడిగా తిరగబడింది. మచ్చ దొరసాని కుడిచేతి మీద పడింది.

"కుడైతేనేం, ఎవడు చూస్తాడే!" నవ్వాడు యోస్ట్.

అపొలోనియా తడికాగితాన్ని దండెం మీద ఆరేసింది.

"ఔను అయ్యగారూ. ఇంక ఎవరూ చూడరు."