బియ్యపు గింజంత మచ్చ

"కొత్త కత్తికి ఈ మచ్చేమిటండీ? ఇంత పేరున్న కొట్టులో కూడా ఇలా అంటగడితే ఎలా?" అంటూ దర్జీ ఆవిడ ఉక్కు మీద చారలు తేలే డమాస్కస్ మడత కత్తిని కౌంటరు మీద పెట్టింది. బట్టలో నూలుపోగు పక్కకి జరిగినా ఊరుకునే మనిషి కాదావిడ.

కొట్టు చూసుకునే కమ్మరి కూతురు కత్తిని తెరిచి చూడను కూడా లేదు. "మీ డబ్బు ఇచ్చేస్తానండీ" అంది.

"డబ్బెవరడిగారు? రేపు మా ఆయన రిటైరవుతున్నారు. ఆయన చేతిలో కత్తే పెట్టాలి. వేరేది ఇవ్వండి."

"వేరేది లేదండీ."

ఆవిడ బీరువా వైపు చూసింది. కింది అరలో అలాంటి నల్ల పెట్టెలే ఆరు, ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. "మరి అవేమిటి, అగ్గిపెట్టెలా?"

"అవి... వేరేవాళ్ళు చెప్పి చేయించుకున్నవి."

వెనక కొలిమి దగ్గర సుత్తి చప్పుడు ఆగింది. ముసలి కమ్మరి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఈ కొట్టు కత్తుల మీద నలభై ఏళ్ళుగా పడుతున్నది ఆయన ముద్రే. అయితే బ్లేడు కొట్టి ఇవ్వడంతో ఆయన పని సరి. యాసిడ్‌లో ముంచి చారలు తేల్చడం, పిడి బిగించడం, పెట్టెలో సర్దడం కూతురి పనులు. ఆయన కౌంటరు దాకా వచ్చి ఎన్నాళ్ళయిందో.

"నువ్వెందుకు నాన్నా? నేను చూసుకుంటాగా," అని కూతురు అడ్డం వెళ్ళింది.

"నా కత్తికి వంక పెడుతుంటే నేను బొగ్గులు ఎగదోసుకుంటూ కూర్చోనా? ఇలా ఇవ్వు. ఇందులో నిజంగా తప్పుంటే ఈ రోజే కొలిమి ఆర్పేస్తాను."

కూతురి మొహం పాలిపోయింది. ఆయన గమనించలేదు. కత్తి తెరిచి, భూతద్దం కంటి దగ్గర పెట్టుకున్నాడు. చేయి కొంచెం వణికితే మోచేతిని కౌంటరుకి ఆనించాడు.

బ్లేడు నిండా నీటి అలల్లాంటి చారలు. మడత దగ్గర మాత్రం బియ్యపు గింజంత తెల్ల మచ్చ. దాని పక్కనే ఒక చార కొక్కెంలా వంగి ఉంది. చూడగానే ఆయన మొహం విప్పారింది.

"ఇది నా చేతి మచ్చే తల్లీ! రెండు రకాల ఉక్కు పొరలు పేర్చి, ఎర్రగా కాల్చి, కొట్టి అతికిస్తాం. ఎక్కడో ఒక దెబ్బ పక్కకి పడుతుంది, అక్కడ చార ఇలా తప్పుకుంటుంది. బలానికేం లోటు లేదు. ప్రపంచమంతా వెతుకు, ఈ మచ్చ ఇంకో కత్తి మీద దొరకదు. మళ్ళీ చెయ్యమంటే నా వల్ల కూడా కాదు."

దర్జీ ఆవిడ మెత్తబడింది. "ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ! తన ఒక్కరి దగ్గరే ఉందంటే మా ఆయన వీధంతా తిప్పి చూపిస్తారు."

"పక్కన ఇంకోటి పెట్టి చూస్తే నీకే తెలుస్తుంది," అంటూ ఆయన బీరువా తెరిచాడు.

"నాన్నా, వద్దు!"

ఆ కేకకి దర్జీ ఆవిడ ఉలిక్కిపడింది. అప్పటికే ఆయన ఒక పెట్టె మూత తీసి, రెండో కత్తిని మొదటిదాని పక్కన పెట్టేశాడు.

మడత దగ్గర బియ్యపు గింజంత మచ్చ. పక్కన కొక్కెం.

"ఇదేంటి?" మూడోది తీశాడు. అదే మచ్చ, అదే కొక్కెం. నాలుగోదీ అంతే. ఐదోదీ అంతే.

దర్జీ ఆవిడ ఒక్కో కత్తినీ వేలితో కొలిచి చూసింది. "పెద్దాయనా," అంది నెమ్మదిగా, "అచ్చు వేసిన బట్టలోనే పువ్వు ఇలా కొలత తప్పకుండా తిరిగొస్తుంది. చేత్తో కుట్టిన పువ్వు రాదు."

ఆయన భూతద్దాన్ని కౌంటరు మీద పడేశాడు.

"నా ముద్ర వేసి అచ్చు కత్తులు అమ్ముతున్నావా?" కూతురి మీద విరుచుకుపడ్డాడు. "మరి రోజూ నేను కొట్టిచ్చేవి ఏమవుతున్నాయి? ఎవరికి దోచిపెడుతున్నావు? చెప్పవేం!"

కూతురు వంగి, కౌంటరు కింద సొరుగు బలంగా లాగింది. పాత కాగితాల్లో చుట్టిన బ్లేడ్లు అంచు దాకా ఉన్నాయి.

ఆయన పైది తీసి విప్పాడు. తన సుత్తి దెబ్బలు తనకి తెలియవా? వేళ్ళ మధ్య పట్టి కాస్త వంచాడు. తడిసిన అట్టలా బ్లేడు రెండు రేకులుగా విడిపోయింది. ఇంకోటి తీశాడు. అదీ అంతే. మూడోది విప్పకుండానే కింద పెట్టేశాడు.

"నీ దెబ్బకి పొరలు అతకక మూడేళ్ళయింది," అంది కూతురు, కళ్ళు తుడుచుకుంటూ. "తెలిస్తే కొలిమి ఆర్పేస్తావని మామూలు కత్తులు తెప్పించి, మెషీను మీద ఒకే నమూనాతో చారలు వేయిస్తున్నాను."

"మరి... ఈ మచ్చ?"

"అది నీదే నాన్నా. నీ చేతిలో అతికిన ఆఖరి కత్తిది."