బుడగల సీసా

ఏళ్ల తరబడి తంటాలు పడి తాను తయారుచేసిన గొట్టాన్ని నిజామాబాద్ ఆస్పత్రిలో డాక్టరు మొదటిసారి ఒక పసిగుడ్డు ముక్కుకు అమర్చాడు. ఆక్సిజన్ వదిలి, రెండో కొసను నీళ్ల సీసాలో ముంచాడు. బుడగలు వచ్చాయి.

"గాలి అందుతుందవ్వా," అన్నాడు.

వర్ని నుంచి వచ్చిన పసివాడి నాయనమ్మ అంజవ్వ సీసాను అనుమానంగా చూసింది.

"ముందటి ముగ్గురు పుట్టంగనే పోయిండ్రు సారూ. వీన్ని ఓసారి పెంటకుప్ప మీద పండవెట్టి తెచ్చుకుంట. పెంటయ్య అని పేరు పెడ్త. గప్పుడు బతుకుతడు."

"గొట్టం తీయొద్దు. తీస్తే ఊపిరి ఆగుతది."

"నీ సీసతోని ఇప్పటిదాంక ఎవలన్న బతికిండ్రా?"

"లేదు. వీడే మొదటోడు."

"పెంటకుప్పతోని మస్తుమంది బతికిండ్రు."

బుడగల మీంచి చూపు తిప్పకుండా, "తెలుసవ్వా," అన్నాడు డాక్టర్ పెంటయ్య.