డెబ్బై మీటర్ల కింద

నాలుగు రాళ్లు నాకి రాళ్ల డాక్టరైపోయిన బావమరిది మాట నమ్మి, అతను పొలం అమ్మి ఈ గుట్ట మీద బోరు వేయించాడు. "రాతి మీద పచ్చమరక ఉందంటే కింద రాగి ఉన్నట్టే బావా. ఇక్కడ ఇంతవరకు ఒక్క గునపం దిగలేదు," అన్నాడా పెద్దమనిషి.

ఈ సాయంత్రం డెబ్బై మీటర్ల దగ్గర బోరు రాయి దాటి ఖాళీలో పడింది. పనివాళ్లు ఇళ్లకు పోయారు. రాత్రి బోరులో దించిన ఇనపగొట్టంలోంచి టక్కు టక్కుమని చప్పుడు మొదలైంది. అతను చెవి ఆనించాడు. ఎవరో తీరిగ్గా రాయి కొడుతున్నారు. గురకపెడుతున్న బావమరిదిని కాలితో తట్టి లేపాడు.

"విను, డాక్టరూ."

విన్నాడు. చటుక్కున చెవి తీసేశాడు. "నీళ్లు కారుతున్నాయేమో బావా."

"నీళ్లకి సుత్తి ఎవడిచ్చాడ్రా?"

చప్పుడు ఆగింది. కాసేపటికి గొట్టం జానెడు కిందికి జారింది, ఎవరో పట్టి లాగినట్టు. మళ్లీ జానెడు.

ఎవరో ఎప్పుడో తవ్వేసుకుని, ఇంకా తవ్వుకుంటున్న ఈ గుట్ట కోసం అతను అమ్ముకున్నది మూడుంపావు ఎకరాల మాగాణి.