మెరుపు తీసిన నేల

“మెరుపంతా తీసెయ్యాలి” అంది ఇల్లాలు.

పాలిష్ మేస్త్రీ మిషన్ని గుమ్మం పక్కన దించి లోపలికి చూశాడు. హాలు నుంచి పడకగది దాకా తెల్లటి పాలరాయి. పైన ఫ్యాన్ తిరుగుతుంటే కింద ఇంకో ఫ్యాన్ తిరుగుతోంది. పాతికేళ్ల నాటి పాలిష్ అంటే ఎవరూ నమ్మరు.

“ఇంకోసారి ఆలోచించమ్మా. మళ్ళీ పట్టినా ఈ కళ రాదు.”

“ఆలోచించే పిలిచాను. కానియ్ బాబూ.”

ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? భర్తకి, ఆ ఇంటి పెద్దాయనకి, మతిమరుపు జబ్బు. ముందు పేర్లు మరిచిపోయాడు. తర్వాత మనుషుల్ని మరిచిపోయాడు. రెండు నెలల నుంచి నేలనే మరిచిపోయాడు. తళతళలాడే పాలరాయి ఆయన కంటికి నీళ్ళలా కనిపిస్తోంది. మంచం దిగమంటే వణికిపోతాడు. మునిగిపోతానంటాడు. తివాచీ పరిచి చూశారు. అది తేలుతోందన్నాడు. ఇలాగే ఇంకో నెల నడవకపోతే కాళ్ళు పూర్తిగా చచ్చుబడిపోతాయని డాక్టరు తేల్చి చెప్పేశాడు.

విచిత్రమేమిటంటే, ఈయన జీవితమంతా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకి పాలిష్ పట్టిన మనిషి. ఇక సొంత ఇంటి నేలంటే ప్రాణం. పులుపు తగిలితే మెరుపు పోతుందని, నిమ్మకాయ కోస్తే కింద పళ్ళెం ఉండాలి. యాసిడ్ సీసా గడప దాటి లోపలికి రాకూడదు. సబ్బు నీళ్ళు కూడా వద్దు, మామూలు నీళ్ళతో తుడిచి వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టాలి.

“చుట్టాలొచ్చి పులుసు ఒలకబోస్తే వాళ్ళ ముందే మోకాళ్ళ మీద కూర్చుని తుడిచారు. నా పరువు పోయింది. నన్నెప్పుడైనా అంత అపురూపంగా చూసుకున్నారా?” అని ఆవిడ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

మేస్త్రీ పడకగదిలోకి వెళ్ళాడు. పెద్దాయన మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు.

“ఏమన్నా ఎదురు చెప్పకు. ఊఁ కొట్టు. కాదంటే బెదిరిపోతున్నారు” అని ఆవిడ వెనక నుంచి గొంతు తగ్గించి చెప్పింది.

“ఎవరు బాబూ నువ్వు?” అన్నాడు పెద్దాయన.

“నేల పనికొచ్చానండీ.”

“జాగ్రత్త. అక్కడ లోతెక్కువ.”

“నాకు ఈతొచ్చులెండి. మిమ్మల్ని అవతలికి చేరుస్తాను, పట్టుకోండి.”

పెద్దాయన అతని మెడ చుట్టూ చేతులు వేసి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మేస్త్రీ ఆయన్ని ఎత్తుకెళ్ళి బాల్కనీలో కుర్చీ మీద కూర్చోబెట్టాడు. ఎంత తేలికైపోయాడో మనిషి.

మిషన్ మొదలైంది. మామూలుగా గరుకు రాయితో మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ నున్నటి రాళ్ళకి వెళ్ళి, చివర్న పౌడరుతో మెరుపు తెస్తారు. ఇవాళ గరుకు రాయితోనే ఆపెయ్యాలి. చేతులు ఆగమంటే ఆగవు. ఇన్నేళ్ళ అలవాటు. కిటికీ దగ్గరికి వచ్చేసరికి మిషన్ ఆపేసి గోడకి ఆనుకున్నాడు.

“ఏమైంది?”

“ఏం లేదమ్మా. నడుం పట్టేసింది.”

ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. అతను తాగి మళ్ళీ లేచాడు.

మధ్యాహ్నానికి పని అయిపోయింది. తెల్లటి బురదంతా లాగేసి, కడిగి, పొడిగుడ్డలతో తుడిచి, ఫ్యాన్లు వేసి ఆరబెట్టారు. ఫ్యాను నీడ తప్ప నేలలో ఇంకేమీ లేదు. సుద్దముక్కలా పాలిపోయి ఉంది.

పెద్దాయన్ని గుమ్మం దాకా తెచ్చి నిలబెట్టారు. చాలాసేపు కిందికి చూశాడు. బొటనవేలు ఆనించాడు. తర్వాత మడమ.

“నీళ్ళు దిగిపోయాయే” అన్నాడు పెళ్ళాంతో.

ఒక అడుగు. ఇంకో అడుగు. గోడ పట్టుకుని, తర్వాత గోడ వదిలేసి. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రెండు నెలల తర్వాత మొగుడు నడుస్తున్నాడు మరి.

హాలు మధ్యలో ఆయన ఆగిపోయాడు. మెల్లగా చతికిలబడ్డాడు. అరచేత్తో నేల నిమిరాడు. ఒకసారి ఇటు, ఒకసారి అటు. కళ్ళు మరిచిపోయినా చెయ్యి మరిచిపోలేదు.

“ఎవరు పాడుచేశారు దీన్ని?”

ఆవిడ మేస్త్రీ వైపు చూసింది.

“మెరుపంతా గీకేశారు. ఎవరి పనితనమో తెలుసా ఇది? మా అబ్బాయిది. వాడు సొంతంగా పట్టిన మొట్టమొదటి నేల. మోకాళ్ళు కొట్టుకుపోయాయి, అయినా నన్ను చెయ్యి వెయ్యనివ్వలేదు. అందుకే ఇన్నేళ్ళూ కంటికి రెప్పలా చూసుకున్నాను.” పెద్దాయన చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. మేస్త్రీ పక్కన కూర్చోగానే అతని మణికట్టు పట్టుకున్నాడు. “వాడికి తెలిస్తే తట్టుకోలేడు బాబూ. నీకు పుణ్యముంటుంది, మా అబ్బాయితో మాత్రం చెప్పకు.”

“చెప్పనులెండి” అన్నాడు కొడుకు.