చెవికెక్కని మాట

“చెవిలో పెట్టుకున్నట్టే తెలియదట. తెలియని వస్తువుకి డబ్బెందుకు తగలెయ్యడం?” అన్నాడు పుల్లవిరుపు.

ఆయన చేతిలో ఫోను, ఫోనులో ఒక ప్రకటన. భోజనాల గదిలో అందరికీ వినబడేలా దాన్ని పైకి చదువుతూ, వాక్యానికో మూతివిరుపు తగిలిస్తున్నాడు.

అది రికార్డింగులు విని టైపు చేసే ఆఫీసు. డాక్టర్లు గొణిగినవీ, లాయర్లు అరిచినవీ పొద్దస్తమానం చెవుల్లో పోసుకుని కాగితం మీద పెట్టడమే అక్కడివాళ్ళ పని. వాళ్ళు టైపు చేసినవాటిలో తప్పులు పట్టడం పుల్లవిరుపు పని. ఆ పేరు వాళ్ళు పెట్టిందే. ఆయన నోట ఇంతవరకూ ఒక మంచిమాట వెలువడిన దాఖలా లేదు.

ఆ ప్రకటన విని తల ఎత్తింది పెద్ద టైపిస్టు. ఎడమ చెవి లోపల ఒరుసుకుపోయి ఆవిడకి పుండు పడింది. కొన్నాళ్ళు చెవిలో ఏదీ పెట్టొద్దన్నాడు డాక్టరు. ఆ మాటే మేనేజరుతో చెబితే, “అయితే ఇంట్లోనే ఉండిపోండి” అన్నాడు. ఇంట్లో ఉంటే ఇల్లు గడవదు. కుడి చెవితోనే నెట్టుకొస్తోంది. ఇప్పుడు అదీ సలపడం మొదలుపెట్టింది.

“ఏమిటండీ అది?” అని అడిగింది.

“ఎవరో పిల్ల ఇయర్‌ఫోన్లు చేస్తుందట. ఇంకా చెయ్యలేదు. ముందుగా జనం తలా కాస్త వేసుకుంటే అప్పుడు చేసి పంపుతుందట. అనుకున్నంత పోగవకపోతే ఎవరి డబ్బు వాళ్ళకి వెనక్కి ఇచ్చేస్తారట. అడుక్కోవడంలో కూడా కొత్త పద్ధతులు.”

“నొప్పి ఉండదంటోందా?”

“అనడానికేం పోయింది? ఒంటి వెచ్చదనానికి మెత్తబడి, ఎవరి చెవికి తగ్గట్టు అలా ఒదిగిపోతాయట. రోజంతా పెట్టుకుని పనిచేసేవాళ్ళ కోసమేనట. రోజంతా పెట్టుకునేవాళ్ళకి నొప్పి అలవాటే కదా, మళ్ళీ ఈ గారాలెందుకు?”

పెద్ద టైపిస్టుకి ఒళ్ళు మండింది.

ఇంటికెళ్ళాక ఆ ప్రకటన వెతికి చూసింది. అందులో చిన్న వీడియో ఉంది. ఇరుకు గదిలో బల్ల ముందు ఓ అమ్మాయి. వేళ్ళ కొసలు కాలి నల్లబడ్డాయి. తను చేసిన నమూనా చూపిస్తూ మధ్యమధ్య తడబడింది. మోసం చేసేవాళ్ళు ఇంతకంటే బాగా మాట్లాడతారు అనిపించింది ఆవిడకి.

అయినా వెనకాడింది. ఇదివరకు ఇలాగే ఒక మడతపెట్టే బల్లదీపానికి డబ్బు కట్టింది. అది ఈనాటికీ గుమ్మం తొక్కలేదు.

“కట్టు, కట్టు. ఆ దీపం వెలుగులో ఈ ఇయర్‌ఫోన్లు వెతుక్కుందువుగాని,” అన్నాడు భర్త.

ఆవిడ ఫోను పక్కన పెట్టేసింది.

మర్నాడు ఆవిడ ఊరుకున్నా పుల్లవిరుపు ఊరుకోలేదు. తినే ప్రతి ముద్దకీ ఆ ఇయర్‌ఫోన్లే నంజుకున్నాడు.

“ఆడపిల్లకి ఆ వైర్లతో పనేమిటంట?” అన్నాడు.

టైపిస్టుల్లో ఆడవాళ్ళే ఎక్కువ. అందరి చేతులూ ఒక్కసారి ఆగిపోయాయి.

“పాడైతే ఊరికే బాగుచేసిస్తుందట. పాడవుతాయని ముందే ఒప్పుకున్నట్టేగా,” అని కూడా అన్నాడు.

పక్క సీటావిడ పెద్ద టైపిస్టు వైపు వంగింది. “మనకి కొత్త కుర్చీలు దండగని చెప్పింది ఈయనే కదూ?”

“ఆయనే. ఇప్పుడు నడుం నొప్పి లేకుండా కూర్చుంటున్నాం. ఈ వయసులో నీకు స్కూటరేమిటని నన్నన్నదీ ఆయనే. రోజూ దాని మీదే వస్తున్నాను.”

ఆలోచిస్తే ఆ మనిషి వద్దన్నదేదీ ఇంతవరకూ చెడిపోలేదు. ఆ సంగతి అప్పుడే తట్టింది ఆవిడకి.

చెయ్యి కడుక్కుంటూ పుల్లవిరుపు వెనక్కి తిరిగాడు. “ఎల్లుండితో గడువు ముగుస్తోంది. ఇంకా సగం కూడా పోగవలేదు. పీడా విరగడవుతుంది. అయినా మీరెవరూ కట్టరులెండి. మీకంత తెగువ ఎక్కడేడిసింది?”

అంతే. పెద్ద టైపిస్టు ఫోను తీసింది. ఆయన కళ్ళెదుటే కట్టేసింది. కట్టి, ఆ ఫోను ఆయన ముఖానికి పెట్టి చూపించింది.

“మీరు తిట్టకపోతే కట్టేదాన్నే కాదండీ,” అంది.

పక్క సీటావిడ కట్టింది. ఆ వెనక మిగతావాళ్ళు. చెవుల గురించి ఏనాడూ పట్టించుకోని కుర్ర టైపిస్టులు కూడా, పెద్దాయన ముఖం మాడుతుంటే చూడాలన్న సరదాతో కట్టారు. ఈ గోలేమిటని వచ్చిన మేనేజరుతో, “ఆఫీసు ఖర్చుతో ఇవి కొనే తెలివితక్కువవాడు కూడా ఉంటాడా సార్?” అన్నాడు పుల్లవిరుపు. టైపింగులో తప్పులు దిద్దే మనిషికి తన ఖర్చుల మీద వ్యాఖ్యానమేమిటని మేనేజరుకి పౌరుషం వచ్చింది. ఆఫీసు తరఫున ఒక డజను చెప్పమన్నాడు.

పుల్లవిరుపు కాకరకాయ కొరికినట్టు ముఖం పెట్టి, డబ్బా మూసుకుని తన గదిలోకి వెళ్ళిపోయాడు. పెద్ద టైపిస్టుకి చెవి నొప్పి సగం తగ్గినట్టే అనిపించింది. ఇయర్‌ఫోన్లు వస్తే వచ్చాయి, లేకపోతే లేదు. ఆ ముఖం చూడ్డానికే ఆ డబ్బు చెల్లిపోయిందనుకుంది.

సాయంత్రం లిఫ్టు పనిచెయ్యడం లేదు. ఆవిడ మెట్లు దిగుతోంది. కింది మలుపులో ఎవరో గోడ వైపు తిరిగి, ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. ఎంతో మెత్తటి గొంతు. ఆ మనిషికి అలాంటి గొంతు కూడా ఉందని ఆవిడకి ఇన్నేళ్ళలో తెలియదు. ఆవిడ మెట్టు మీద అలాగే ఆగిపోయింది.

“దిగులుపడకురా చిట్టితల్లీ, మా అంతస్తులో కట్టనివాళ్ళంటూ ఎవరూ మిగల్లేదు, రేపు పొద్దున్నే పై అంతస్తుకెళ్ళి నీ ఇయర్‌ఫోన్లని తిట్టడం మొదలుపెడతాను,” అంటున్నాడు పుల్లవిరుపు.