బయటి బకెట్

"ఆగమ్మా! ఆ బకెట్ గేటు లోపలికి తేకు!"

తన గొంతు అంత పైకి లేస్తుందని శ్యాంబాబుకే తెలీదు.

లోపలికి అడుగు వేయబోయిన ఆవిడ అక్కడే ఆగిపోయింది. నలభై ఏళ్లుంటాయి. చీర కుచ్చిళ్ల నిండా ఎండిన ఒండ్రు. చంకలో పాత పెయింటు బకెట్, దాని మీద తడిగుడ్డ.

"పుట్టగొడుగులండి, బాబుగారూ..."

"మాకొద్దు. మా ఇంట్లోనే పెరుగుతాయి."

"అమ్మగారున్నారాండి?"

భార్య రెబెక్కా జబ్బుపడి పోయి ఐదు నెలలు. అడిగిన ప్రతివాళ్లకీ ఆ సంగతి చెప్పడం, వాళ్లు అయ్యో అనడం, ఈయన తల దించుకోవడం. ఇక ఓపిక లేదు.

"ఊళ్లో లేదు," అన్నాడు.

"అవునవునండి," అంది ఆవిడ, తనకి ముందే తెలిసినట్టు. "ఒక్క నిమిషం పెరట్లో పెట్టేసి పోతానండి."

"పెరట్లోకి అస్సలు కుదరదు! నీ బకెట్లో ఏ బూజుందో ఎవరికి తెలుసు? వెళ్లమ్మా."

ఆవిడ బకెట్ మీది తడిగుడ్డ సర్దుకుని వెళ్లిపోయింది.

బయటి బకెట్ లోపలికి రాకూడదన్నది రెబెక్కా పెట్టిన రూలు. పెరట్లో వాడని స్నానాలగదిలో ఆవిడ పుట్టగొడుగుల సంసారం ఉండేది. ఖాళీ పెయింటు బకెట్లకి చుట్టూ చిల్లులు పెట్టి, ఉడకబెట్టిన గడ్డీ, ఎండు అరిటాకులూ, చింపిన అట్టపెట్టెలూ కూరేది. వారం తిరిగేసరికి లోపలంతా తెల్లటి దారాలు అల్లుకునేవి. ఇంకో వారానికి చిల్లుల్లోంచి లేత గులాబీ రంగు గొడుగులు గుత్తులుగా తొంగిచూసేవి.

విత్తనం ప్యాకెట్ ఆవిడ ఒక్కసారే కొంది. కోసిన పుట్టగొడుగుల మొదళ్లు తడి అట్టముక్కల మధ్య పెట్టి, కొత్త విత్తనం తనే చేసుకునేది.

"షాపులో దొరికేదానికి ఇంత అవస్థ ఎందుకే?" అని ఆఫీసుకి పోతూ పోతూ ఏడిపించేవాడు శ్యాంబాబు.

"షాపుది షాపుదే. ఇవి నా పిల్లలు," అనేది.

ఆ పిల్లలు ఇప్పుడు ఆయన పాలబడ్డాయి. పద్నాలుగు బకెట్లలో పదమూడు ఆకుపచ్చ బూజు పట్టి పోయాయి. మిగిలింది ఒక్కటే.

"కొత్త విత్తనం తెచ్చుకోండి నాన్నా," అంది విశాఖ నుంచి కూతురు ఆశాజ్యోతి ఫోన్లో.

"అది మీ అమ్మ చేతిది కాదు కదమ్మా."

చీరలున్నాయి, ఫొటోలున్నాయి, కళ్లజోడుంది. కానీ అవేవీ ఊపిరి తీసుకోవు. రెబెక్కా చెయ్యి తగిలినవాటిలో ఇంకా ప్రాణంతో ఉన్నది ఆ ఇంట్లో ఆ బకెట్ ఒక్కటే. అందుకే కుర్చీ అక్కడే వేసుకుని, పేపరూ అక్కడే, కాఫీ కూడా అక్కడే. దాన్ని చూస్తూ కూర్చుంటే ఆవిడ వంటింట్లో ఉన్నట్టే ఉండేది.

మర్నాడు పొద్దున పాలకి వెళ్లొచ్చేసరికి ఆ గదిలో, సరిగ్గా తన బకెట్ పక్కనే, నిన్నటి పెయింటు బకెట్ ఉంది.

శ్యాంబాబుకి ఒళ్లు మండిపోయింది. ఎంత ధైర్యం! కాదన్నా దొంగతనంగా వచ్చి పెట్టిపోతుందా?

వీధిలో చెత్తబండి మోత వినబడుతోంది. బకెట్‌ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని పరుగున వెళ్లి బండిలో పడేయించాడు. డెటాల్‌తో రెండుసార్లు చేతులు కడుక్కున్నాడు. పాపం భయపడిందేమోనని తన బకెట్ మీద ఒక మగ్గు నీళ్లు చల్లాడు. చాలవేమోనని ఇంకో మగ్గు చల్లాడు.

ఆరో రోజుకి దాని చిల్లుల్లో ఆకుపచ్చ రంగు కనబడింది. తొమ్మిదో రోజుకి అదీ పోయింది.

ఆయన ఆ కుర్చీలో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రెబెక్కా రెండోసారి పోయింది.

పదో రోజున గేటు చప్పుడైంది. ఆవిడే. ఈసారి చేతిలో ఏమీ లేదు, మొహం నిండా నవ్వు ఉంది.

"మీ బకెట్లో గొడుగులు వచ్చాయాండి, బాబుగారూ? అమ్మగారింకా విశాఖలోనే ఉన్నారాండి?"

కోప్పడే శక్తి కూడా ఆయనకి లేదు.

"అమ్మగారు పోయి ఐదు నెలలైందమ్మా. నీ బకెట్ చెత్తబండిలో వేసేశాను."

ఆవిడ మెట్ల మీద కూలబడిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఎవరమ్మా నువ్వు?" అని అప్పుడు అడిగాడు శ్యాంబాబు.

"వెంకటదుర్గనండి. ఏటి మధ్య లంక నుంచి ఎండు అరిటాకులు తెచ్చేదాన్నండి, మీరు ఆఫీసుకెళ్లాక. నాలుగేళ్ల కిందట అమ్మగారు తన బకెట్లోంచే పిడికెడు తీసి నా చేతిలో పెట్టి, పెంచడం నేర్పారండి. నా దగ్గరున్నవన్నీ ఆవిడవేనండి."

శ్యాంబాబు చెత్తబండి పోయిన వీధి వైపు చూశాడు.

"ఎండాకాలం ముందు ఫోన్ చేశారండి. 'కూతురి దగ్గరికెళ్తున్నా దుర్గా, రావడానికి చాన్నాళ్లు పడుతుంది. మా వారు ప్రేమ కొద్దీ నీళ్లు పోసి నావన్నీ చంపేస్తారు. వానలు పడ్డాక నీ దగ్గర్నుంచి ఒకటి తెచ్చి, ఆయన చూడకుండా మావాటి పక్కన పెట్టెయ్. ఆయనే బతికించుకున్నాననుకోవాలి' అన్నారండి."

ఆయన ఆవిడ ముందు మెట్టు మీద చతికిలబడ్డాడు. రెండు చేతులూ జోడించాడు.

"ఇంకొకటి ఉందా, తల్లీ? చిన్న ముక్కైనా సరే!"

వెంకటదుర్గ తల అడ్డంగా ఊపింది.

"మొన్నామధ్య వరదకి లంకలో ఇల్లు మునిగిపోతుంటే, పడవలో మనిషికి ఒక్క సామానే తెచ్చుకోమన్నారండి. అమ్మగారికి మాటిచ్చాను కదాని నేను ఆ బకెట్ ఒక్కటే తెచ్చుకున్నానండి."