మాస్టారు ఆగిన చోటు

లెక్కల మాస్టారు పోయాక ఆయన పాఠాల వీడియోలను యూనివర్సిటీ ఆన్‌లైన్‌లో పెట్టింది. వారం తిరక్కుండానే ఆయన భార్య ఆ పాఠాలు రికార్డు చేసిన స్టూడియోకి వచ్చింది.

“మా ఆయన మరీ తొందరపడుతున్నారు బాబూ.”

“స్పీడు తగ్గించుకోవచ్చమ్మా,” అన్నాడు ఎడిటర్.

“అది కాదు. ప్రశ్న అడిగాక ఆగేవారు. ఇప్పుడు ఆగట్లేదు.”

నిజమే. ఖాళీ స్టూడియోలో ప్రశ్న వేసి, ఎవరో జవాబు చెప్తున్నట్టు ఆగి, “ఊఁ, అదీ!” అనేవారు. పిల్లలకి విసుగని ఆ ఖాళీలన్నీ ఎడిటరే కట్ చేసేశాడు.

“అక్కడేమీ లేదమ్మా, చూడండి,” అంటూ అసలు వీడియో పెట్టాడు.

“ఎక్స్ ఎంతొచ్చింది?” అని మాస్టారు ఆగారు.

ఇంట్లో ఆయన పాఠం చెప్పి చూసుకునేటప్పుడు వంటింట్లోంచి చెప్పినట్టే, గొంతు పెంచి, “ఏడండీ!” అంది ఆమె.

“ఊఁ, అదీ!” అన్నారు మాస్టారు.